మోకుకు వేసిన మూడో మెలి

నా డైరీలో ఆ రోజు పేజీ నిండుగా ఉంది. తెల్లవారి ఐదుంపావుకు ప్రొద్దుటూరులో బయలుదేరడం, మైదుకూరులో ఇడ్లీ తినడం, బ్రహ్మంగారిమఠం దాటి జలాశయం గట్టు చేరుకోవడం, పడవ పొడవు, వెడల్పు, అడుగున ఉన్న గీతలు, మబ్బు పట్టిన ఆకాశం, అన్నీ ఉన్నాయి. ఒక్కటి లేదు. పదిన్నర ప్రాంతంలో నేనొక చప్పుడు విన్నాను. అది రాయలేదు. దానికి బదులు పేజీ చివర ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం అబద్ధం.

ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను. అబద్ధం రాసిన పేజీ అదొక్కటే అని చెప్పుకోవాలని ఉంది గానీ అంత గట్టిగా చెప్పలేను. తెలిసి రాసింది మాత్రం అదే.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. కాలువల లోతు, గట్ల వాలు, సిమెంటు పూత మందం కొలవడంలోనే నా సర్వీసంతా గడిచింది. నీళ్లను కొలిచానే గానీ నీళ్ల మీద తిరిగినవాణ్ని కాదు. పడవ ఎక్కింది ఒక్కసారే, అదీ పై అధికారి ఎక్కమన్నాడు కాబట్టి. ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలియజెప్పాల్సిన అవసరం ఉందని నాకూ అనిపించలేదు.

పడవ కొనాలనుకున్నది గొర్రెల కాపరుల కుటుంబానికి చెందిన ఒకాయన. జమ్మలమడుగు అవతల కాలువ బంగళాలో నేను పనిచేసే రోజుల్లో వాళ్ల నాయన ఆ చుట్టుపక్కలే గొర్రెలు మేపేవాడు. అప్పట్నుంచీ ఇతను నన్ను మామా అనే పిలుస్తాడు. తర్వాత జమ్మలమడుగు వైపు జలాశయం నిండి వాళ్ల ఊరు మునిగింది. మేత బీళ్లు కూడా మునిగాయి. గొర్రెలు సగానికి తగ్గాయి. కొన్నేళ్లుగా భార్యాభర్తలిద్దరూ పుట్టిలో పోయి అదే నీళ్లలో వలలు వేస్తున్నారు. పుట్టి అంటే గుండ్రటి గంప లాంటిది. గాలి వస్తే అక్కడే గిరగిరా తిరుగుతుంది. భార్యకు ఈత రాదు. అందుకని ఒక ఫైబర్ పడవ కొనాలని అతని పట్టుదల. బ్రహ్మంగారిమఠం దగ్గరి జలాశయంలో చేపలు పట్టే ఒక ముసలాయన తన పాత పడవ అమ్ముతున్నాడని తెలిసి నా దగ్గరికి వచ్చాడు.

"మామా, నువ్వొచ్చి చూసి బాగుందంటే తీసుకుంటా. లేదంటే ల్యా."

"నాకు పడవల సంగతి ఏం తెలుసప్పా?"

"నీళ్ల ఆఫీసులో అంతకాలం చేసినావు. నీకు తెలీకపోతే ఇంగెవురికి తెలుస్తాది? నాకు తెలిసింది గొర్రె పండ్లు చూసి వయసు చెప్పేది. పడవకు పండ్లు ల్యాకపాయె."

నాకు నవ్వొచ్చింది. సంతోషం కూడా వేసింది. నా పాత ఉద్యోగాన్ని ఎవరైనా తలుచుకొని చాలా రోజులైంది. నోటు పుస్తకంలో చూడాల్సిన అంశాలు పద్నాలుగు రాసుకున్నాను. ట్రాక్టరు మనిషిని కూడా నేనే కుదిర్చాను. అతను నాపరాళ్లు తోలే సాయిబు. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా, సింహాద్రిపురం దాకా ఇళ్లకు బండలు తోలుతాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క బండ కూడా దారిలో పగలలేదని బండల ఫ్యాక్టరీల దగ్గర అతనికి పేరు. ఇంటికి నేల వేయించుకునేవాళ్లు అతని ట్రాక్టరే కావాలని అడిగి మరీ తెప్పించుకుంటారు. పడవకు తగిన బండి మన వైపు దొరకదు కాబట్టి టైర్ల ఎద్దులబండిని ట్రాక్టరు వెనక తగిలించుకొని, దాని మీద పడవ పెట్టుకొని రావాలని మా ముగ్గురి ఆలోచన.

గట్టు మీద పడవను బోర్లించి ఉంచారు. బయట ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది. నేను పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. సిమెంటు పూత లోపల బోలుగా ఉందేమో కనిపెట్టడానికి చిన్న ఇనుప కడ్డీతో తట్టి వినడం మా పనిలో అలవాటు. పడవ అడుగంతా అడుగుకొకచోట అలాగే తట్టాను. రెండుచోట్ల శబ్దం మందంగా వచ్చింది. సుద్దతో గుర్తు పెట్టాను. ఇంజను బిగించే వెనక చెక్కను స్క్రూడ్రైవరుతో గుచ్చి చూశాను, గట్టిగా ఉంది. తర్వాత పడవను తిప్పి నాలుగు బిందెల నీళ్లు పోయించి అరగంట ఆగాను. ఒక్క చుక్క కారలేదు. అమ్మే ముసలాయన నెల్లూరు వైపు మనిషి. బీడీ కాలుస్తూ ఓపిగ్గా చూశాడు.

"బిడ్డను చూసుకునేదానికి వచ్చినోళ్లు గూడా ఇంత చూడరయ్యా" అన్నాడు.

తొమ్మిదో అంశం, పడవ మధ్యలో అడ్డంగా వేసిన పలక. కూర్చోవడానికి వేసింది. దాని కింద చెమ్మ చేరిందేమో చూడాలని బోల్టులు విప్పించాను. అన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. రెండు విరిగిపోయాయి. పలక కింద పాడైంది ఏమీ లేదు. కానీ దాన్ని తిరిగి బిగించడానికి బోల్టులు లేవు.

"ఆ పలక లేకుండా దారి పట్టబాకండయ్యా" అన్నాడు ముసలాయన. "రెండు పక్కల్నీ పట్టి నిలబెట్టేది అదే. మఠం పోయి బోల్టులు తెచ్చుకోండి, గంట పని."

"కూర్చునే పలకే కదా. జమ్మలమడుగులో కొత్తది వేయిద్దాం" అన్నాను.

ఆయన బీడీ పారేసి మనుషుల్ని పిలిచాడు. పడవను నలుగురైదుగురు పట్టి బండి మీదికి ఎక్కించారు. కింద గడ్డి కుక్కిన గోనె సంచులు పరిచాం. మా ఊళ్లలో గడ్డి బండి ఎలా కడతారో అలాగే పడవ మీదుగా మోకు, అదే లావుపాటి తాడు, వేసి, కొనలు బండి కింద ముడేసి, మోకు మధ్యలో కర్ర దూర్చి మెలి తిప్పడం మొదలుపెట్టాను. ఒక మెలి తిప్పితే గడ్డి సర్దుకుంటుంది. రెండో మెలికి బిగుస్తుంది. మూడో మెలి వేస్తే పెద్దముడియం నుంచి ప్రొద్దుటూరు దాకా పోయినా ఒక్క పరక రాలదు. చిన్నప్పట్నుంచీ చూసింది అదే.

"చాలయ్యా, ఇంక బిగించబాకండి. ఇది గడ్డి గాదు" అన్నాడు ముసలాయన రెండో మెలి దగ్గర.

ఆ తర్వాత ఆయనా, పడవ కొన్న అతనూ తెడ్లూ లంగరూ తేవడానికి గుడిసె వైపు వెళ్లారు. గట్టు వాలుగా ఉంది కాబట్టి సాయిబు ఇంజను ఆపకుండా బ్రేకు తొక్కి సీటులోనే కూర్చున్నాడు. ఎక్కించడానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. బండి దగ్గర నేనొక్కణ్నే ఉన్నాను.

మూడో మెలి ఎందుకు వేశానో చాలాసార్లు ఆలోచించాను. గాలి ఎక్కువగా ఉంది, పడవ జారుతుందని భయం వేసింది అని ఒకటి రెండుసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది కారణం కాదు. నాకు పని తెలియదన్నట్టు ఆయన రెండోసారి మాట్లాడటం నచ్చలేదు. అంతే.

కర్ర సగం తిరగగానే చప్పుడైంది. ఎండిన సొరబుర్ర మీద కాలు వేస్తే వచ్చే చప్పుడు. ఇంజను మోతలో అది సాయిబుకు వినపడే వీలు లేదు. ఒంగి చూశాను. పడవ అంచున, సరిగ్గా మోకు కింద, రంగు మీద సన్నటి గీత. వేలితో రుద్దితే పోలేదు. కర్రను వెనక్కి తిప్పి ఒక మెలి వదులు చేశాను. పక్కనున్న ఖాళీ గోనె సంచి ఒకటి మడిచి మోకు కిందికి దూర్చాను. తాడు ఒరుసుకోకుండా అని ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాననుకుంటాను. కానీ ఆ సంచి గీతను కప్పేసింది. కప్పేసిందని నాకు తెలుసు.

వాళ్లు తెడ్లు పట్టుకొని వచ్చారు. బయలుదేరాం. నేను ట్రాక్టరు మడ్‌గార్డు మీద సాయిబు పక్కన కూర్చున్నాను. కొన్న అతను మోటారు సైకిల్ మీద వెనక. సాయిబు నడిపే తీరు చూస్తే ట్రాక్టరు మీద నిండు నీళ్ల కుండ పెట్టుకున్నాడా అనిపించింది. ప్రొద్దుటూరులో జనం ఆగి చూశారు.

"ఏందప్పా, పెన్నలో నీళ్లొచ్చినాయా?" అని ఒకడు అరిచాడు.

"రాల్యా. ముందు పడవ తీసకపోతే సిగ్గుపడైనా వస్తాయేమోనని" అన్నాడు సాయిబు.

నేనూ నవ్వాను. చెప్పదలిస్తే ఆ గీత సంగతి అప్పుడైనా చెప్పి ఉండొచ్చు.

జమ్మలమడుగు ఇంకా కొంత దూరం ఉందనగా ఒక పల్లె దగ్గర స్పీడ్ బ్రేకరు ఉంది. తారు కుప్ప పోసినట్టు ఎత్తుగా, రంగు లేకుండా ఉంటుంది. సాయిబు సెకండ్ గేరులోకి మార్చి మెల్లగానే దాటించాడు. అయినా ఎద్దులబండికి స్ప్రింగులు ఉండవు కదా, వెనక కుదిపింది. సంచి జారి కింద పడింది. వెనకనుంచి హారన్ మోగింది. స్పీడ్ బ్రేకరు దాటగానే ఉన్న టీ కొట్టు ముందు ఆపాం.

గీత ఇప్పుడు గీత కాదు. అంచు నుంచి జానెడున్నర కిందికి దిగిన పగులు. లోపలి నార తెల్లగా కనపడుతోంది.

"ఏందన్నా ఇది?" అన్నాడు కొన్న అతను. అక్కడికి దగ్గర్లోనే ఉన్న వాళ్ల కాలనీ నుంచి అతని భార్య పడవ చూడాలని అప్పటికే టీ కొట్టు దగ్గరికి వచ్చి ఉంది. పసుపూ కుంకుమా తెచ్చుకుంది. బండలెత్తే కూలీలు ఇద్దరు టీ తాగుతున్నారు.

సాయిబు దిగి వచ్చి చూశాడు. మెడలో తువ్వాలు తీసి పగులు మీద దుమ్ము తుడిచాడు. "నేను మెల్లగానే వస్తి గదప్పా. సారు నా పక్కనే ఉండె. సార్, మీరు చెప్పండి. సెకండ్ గేర్లో గదా దాటించినా?"

అందరూ నా వైపు తిరిగారు. నా చేతిలో నోటు పుస్తకం ఉంది.

"కొంచెం గట్టిగానే ఎగిరింది" అన్నాను.

"సారే చెప్పినాక ఇంగేముంది" అన్నాడు కాలువ బంగళా రోజుల నుంచి నన్నెరిగిన టీ కొట్టాయన. "ఆయప్ప అన్నీ టైముతో సహా రాసి పెట్టుకుంటాడు."

కూలీల్లో ఒకడు నవ్వాడు. "బండలనుకోని తోల్యాడు పాపం. ఇంగ నీ పేరు పడవన్న, పో."

సాయిబు నా వైపు ఒకసారి చూశాడు. కోపంగా కాదు. తను చూడనిది నేను చూశానేమోనని. "నా చేతిలో అయిందంటే అయిందే అప్పా" అని కొన్న అతనితో అని, తల వంచుకొని ట్రాక్టరు దగ్గరికి పోయాడు. పడవను ఇంకా లాగడం మంచిది కాదని టీ కొట్టు వెనక కళ్లంలో దించాం. ఆ సాయంత్రం డైరీలో రాశాను: స్పీడ్ బ్రేకరు వద్ద డ్రైవరు అజాగ్రత్త వల్ల పడవ పగిలింది.

ఆ కుదుపు పగులును పెంచి ఉండవచ్చు. మొదలుపెట్టింది నేను.

రెండు నెలలు గడిచాయి. భార్యాభర్తలు మళ్లీ పుట్టిలోనే పోతున్నారు. జమ్మలమడుగుకు పనిమీద పోయినప్పుడు ఒక బండల ఫ్యాక్టరీ ముందు నిలబడి ఉండగా ఎవరో తమ ఇంటికి బండలు సాయిబు ట్రాక్టరులోనే పంపమని మేనేజరును అడిగారు. మేనేజరు నవ్వాడు. "పడవన్ననా? ఆయప్ప చేతులు మునుపటి మాదిరి లేవంట. వేరే బండి పంపిస్తాలే." నేను అక్కడే ఉన్నాను. నా పక్కన ఉన్నవాళ్లూ నవ్వారు. నేను గొడుగు సర్దుకొని రోడ్డు దాటాను. ఆ రోజు డైరీలో గొడుగు సంగతి ఉంది.

తర్వాత ఒక ఉదయం ప్రొద్దుటూరులో నీళ్ల ట్యాంకర్లు నింపే చోట అతన్ని చూశాను. ట్రాక్టరు వెనక బండల ట్రాలీకి బదులు నీళ్ల ట్యాంకరు తగిలించి ఉంది. పైపు పట్టుకొని నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు. నన్ను చూసి ఎప్పటిలాగే సలాం చేశాడు.

"బండలు మానుకున్నావంటనే?" అన్నాను.

"వాళ్లు పిలిస్తే గదా సార్. పిలిచినా నేనే పోవడం ల్యా." నీళ్లు నిండుతున్న చప్పుడు మధ్య మెల్లగా చెప్పాడు. "స్పీడ్ బ్రేకరు వస్తాందంటే చెయ్యి వణుకుతాంది. ఆ పొద్దు మెల్లగా దాటించినా అని నాకు శానా గట్టిగా గుర్తుంది. మీరేమో ఎగిరింది అన్నారు. మీరు తప్పు చెప్పరు. అంటే నాకే తెలీడం ల్యా గదా, ఎంత స్పీడులో పోతాండేది. తెలీకుండా బండలు ఎట్ల తోలేది? నీళ్లయితే పగలవు."

అతని పేరు పోయిందని నాకు తెలుసు. అతనికి తన చేతుల మీద నమ్మకం కూడా పోయిందని అప్పుడే తెలిసింది. అది తీసుకున్నది నేను.

అక్కడే చెప్పాను. పలక, మూడో మెలి, చప్పుడు, సంచి, వరసగా. నాకు వరసగా చెప్పడమే వచ్చు. ట్యాంకరు నిండి పొర్లుతున్నా అతను పైపు కట్టలేదు. వెనక బండివాడు అరిస్తే అప్పుడు కట్టాడు.

"ఇంజను ఆడతాండె. నాకు వినపళ్లా" అన్నాడు. కాసేపటికి, "అయితే నేను మెల్లగానే వచ్చినా" అన్నాడు.

"మెల్లగానే వచ్చినావప్పా."

"ఈడ నాకొక్కనికి చెప్తే ఏం లాభం సార్. యాడ చెప్పినారో ఆడికొచ్చి చెప్పండి. ఎవురి ముందర చెప్పినారో వాళ్ల ముందర."

నాలుగు రోజుల తర్వాత ఇద్దరం ఆ టీ కొట్టు దగ్గరికి వెళ్లాం. పడవను బాగుచేయడానికి నెల్లూరు ముసలాయనే ఫైబర్ గుడ్డా జిగురూ తీసుకొని వచ్చి, పగులుకు లోపలా బయటా అతికించి వెళ్లాడట. ఆ రోజు పడవను నీళ్ల దగ్గరికి చేర్చాలి. సాయిబు తనే వస్తానని అడిగాడట. కొన్న అతను మొదట వద్దన్నాడట. టీ కొట్టు దగ్గర భార్యాభర్తలు ఉన్నారు. టీ కొట్టాయన ఉన్నాడు. ఆ కూలీలిద్దర్నీ సాయిబే పనిగట్టుకొని పిలిపించాడు.

చెప్పాను. నిలబడే చెప్పాను. నోటు పుస్తకం తీసుకుపోలేదు. పగులు సరిగ్గా మోకు పడిన చోటే ఉందని పడవ మీద చెయ్యి పెట్టి చూపించాను.

కొన్న అతను అతికిన చోటును వేలితో తడిమాడు. "పలక తీయించింది నువ్వు, మెలి తిప్పింది నువ్వు, మల్ల ఆయప్ప మీద చెప్పింది నువ్వు. నేను నిన్ను పిల్చుకపోయింది పడవ చూసేకి మాత్రమే గదా మామా" అన్నాడు.

అతని భార్య తల మీద కొంగు సర్దుకుంది. "ఆ పొద్దే చెప్పింటే ఏమైతాండె సార్? తిట్టింటిమి. తిట్టి ఊరుకుంటిమి. అంతే గదా" అంది.

రెండు తిట్లు తప్పించుకోవడానికి ఒక మనిషి ఇరవై రెండేళ్ల పేరు ఇచ్చేశాను.

పడవను బండి మీదికి ఎక్కించారు. ఈసారి మధ్య పలక కొత్త బోల్టులతో బిగించి ఉంది. సాయిబు మోకు తేలేదు. చీల్చిన ట్యూబు రబ్బరు తెచ్చాడు. బండి అవతలి పక్కకు విసిరాడు. అలవాటు కొద్దీ కొన అందుకోబోయాను.

"మీరు ఆడ నిలబడండి సార్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

నిలబడ్డాను. కట్టడం అయ్యాక సాయిబు ట్రాక్టరెక్కి జమ్మలమడుగు వైపు కాకుండా ప్రొద్దుటూరు వైపు తిప్పాడు.

"అన్నా, నీళ్లు ఇటు పక్క ఉండాయి" అన్నాడు కొన్న అతను.

"తెలుసులేప్పా. వస్తాండా."

స్పీడ్ బ్రేకరు దగ్గర ఆపి నన్ను చెయ్యూపి పిలిచాడు. నడిచి వెళ్లాను. బండి చక్రం పక్కన నిలబడమన్నాడు. టీ కొట్టు ముందు అందరూ చూస్తున్నారు. రెండుసార్లు క్లచ్చు తొక్కి వదిలాడు. తర్వాత ట్రాక్టరు ముందు చక్రాలు ఎక్కి దిగాయి, వెనక చక్రాలు ఎక్కి దిగాయి, బండి చక్రాలు ఎక్కి దిగాయి. అవతల తిప్పుకొని మళ్లీ అలాగే దాటి వచ్చాడు. నేను పడవ అంచు మీది నుంచి కళ్లు తీయలేదు.

"ఎట్లుండాది సార్?"

"కదల్లేదు" అన్నాను.

"వాళ్లకు వినపళ్లా."

టీ కొట్టు వైపు తిరిగాను. "ఆయప్ప మెల్లగా దాటించినాడు. పడవ కదల్లేదు" అని గొంతెత్తి చెప్పాను. నా జన్మలో రోడ్డు మీద నిలబడి అంత గట్టిగా మాట్లాడిన గుర్తు లేదు.

సాయిబు తల ఊపి గేరు వేశాడు. మడ్‌గార్డు మీద కొన్న అతని భార్య ఎక్కి కూర్చుంది. నన్ను ఎక్కమని ఎవరూ అనలేదు. పడవ మలుపు తిరిగేదాకా చూసి, ప్రొద్దుటూరు బస్సు కోసం అక్కడే నిలబడ్డాను.